పిందె కట్టని తోట

"ఈ దోమ వల్ల లోకానికి ఏం ఉపకారం, గురువుగారూ?" అని శ్రీపతి అడిగిన రోజున ఆశ్రమంలో ముగ్గురు జ్వరంతో మూలుగుతున్నారు. అతను కూడా అప్పుడే పథ్యం తిని లేచాడు. ప్రశ్న అడిగినవాణ్ణి ఆ ప్రశ్నతోనే కొన్నాళ్లు వదిలెయ్యడం గురువు అచ్యుతరామయ్య గారి అలవాటు. "తోట నీకు అప్పగిస్తున్నాను. చూసుకో" అని మాత్రం అన్నారు.

కోనసీమలో కాలవ ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమానికి కొబ్బరిచెట్ల నీడలో పెంచిన కోకోతోటే ఆధారం. శ్రీపతి అక్కడికి రాకముందు పద్నాలుగేళ్లు చెక్‌పోస్టులో పనిచేశాడు. లారీ మీద టార్పాలిన్ కనబడితే దాని కింద ఏదో దాచారనే అనుకునేవాడు. ఉద్యోగం వదిలాడు గాని ఆ చూపు అతన్ని వదల్లేదు. నీటి గుంటలు పూడ్పించాడు. దాంతోనే జ్వరాలు తగ్గుముఖం పట్టాయి. అయినా అతనికి తృప్తి కలగలేదు. చెట్ల కింద పేరుకున్న ఆకులు, కుళ్లిన అరటి బోదెలు, పగిలిన కోకో డొప్పలు ఒక్కటీ మిగల్చకుండా ఊడ్పించి తగలబెట్టించాడు. వారం వారం దోమల మందు కొట్టించాడు.

తొమ్మిదేళ్లుగా ఆ తోటలో పనిచేస్తున్న గంగారత్నం చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "బోదెలన్నా ఉంచండి బాబూ. అవి ఉంటేనే తోటకి మంచిది" అంది.

"ఎందుకు మంచిది?"

"అదంతా నాకేం తెలుసండీ? మా ఆయన బతికున్నప్పుడు వాటిని కదపనిచ్చేవాడు కాదు."

కారణం చెప్పలేని మనిషి కారణం దాస్తోందని శ్రీపతికి తోచింది. చెత్త మీద ఎవరికైనా ఇంత మమకారం ఉంటుందా? దాని అడుగున ఏం పెట్టుకుంది? నిప్పు పెట్టే ముందు ప్రతి పోగునూ కర్రతో కెలికి చూశాడు. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం ఇంకాస్త ముదిరింది.

తోట అద్దంలా తయారైంది. మానులకి ఎప్పటిలాగే చిన్న చిన్న తెల్లటి పూలు గుత్తులుగా వచ్చాయి. పిందెలు మాత్రం లేవు. నిరుడు ఈపాటికి ఏ మాను చూసినా వేలెడేసి పిందెలు వేలాడాయి. ఎవరో లేతగా ఉండగానే కోసుకుపోతున్నారని శ్రీపతి నిశ్చయించుకున్నాడు. ఉదయం చెట్ల చుట్టూ ముగ్గుపిండి చల్లి, సాయంత్రం అడుగుల గుర్తులు వెతికేవాడు. ఉన్నవన్నీ గంగారత్నం అడుగులే. తోట ఊడ్చే మనిషి అడుగులు కాక ఇంకెవరివి ఉంటాయని అతనికి తోచలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె వంగి వంగి దేన్నో ఏరి కొంగులో వేసుకోవడం కళ్లారా చూశాడు. ఆ రోజు గురువుగారు ఊళ్లో లేరు. పంక్తిలో భోజనానికి కూర్చున్న నలుగురి ముందూ ఆమెను ఆపాడు.

"కొంగు విప్పు."

"ఏంటి బాబూ?"

"విప్పమన్నాను."

విప్పింది. అన్నీ వాడిన పూలు. "రోజూ ఇన్నేసి రాలిపోతన్నాయండీ, పిందె కట్టకుండానే. పెద్దయ్యగారు ఊర్నించి రాగానే చూపిద్దామని ఏరాను" అంది. శ్రీపతి ఒక పువ్వు తీసి నలిపి వాసన చూశాడు. "వీటి మీద ఏం చల్లావు?" అన్నాడు. గంగారత్నం అతని ముఖంలోకి ఒకసారి చూసింది. పూలన్నీ అరుగు మీద పోసి, కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. మరుసటి రోజు పనికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

గురువుగారు తిరిగివచ్చి జరిగినదంతా విన్నారు. మందలించలేదు. శ్రీపతికి ఒక సన్నటి కుంచె ఇచ్చి, "ఈ చెట్టు పువ్వులోని పుప్పొడి ఆ చెట్టు పువ్వుకి అంటించు. నీకు చేతనైనన్ని పూలకి" అన్నారు. ఇది శిక్షా పరీక్షా అని శ్రీపతి మనసులో కొంతసేపు తర్జనభర్జన పడ్డాడు. పువ్వు చూస్తే చిటికెనవేలి గోరంత. కుంచె తగలవలసిన చోటు లోపల, రేకల చాటున ఉంది. మధ్యాహ్నానికి మెడ పట్టేసింది, అరవై పూలయ్యాయి. తోటలో ఇంకా వేలున్నాయి. అలా ఎనిమిది రోజులు చేశాడు. తొమ్మిదో రోజున చూస్తే, అతను ముట్టిన పూలలో కొన్ని రాలకుండా నిలిచి, మిరియపు గింజంత పచ్చగా ఉబ్బాయి. ముట్టనివి నేల మీద ఉన్నాయి. ఎవరూ ఏమీ కొయ్యలేదు. కొయ్యడానికి అసలు పిందె పుడితే కదా!

"ఇన్నాళ్లూ ఈ పని ఎవరు చేశారు?" అని అడిగాడు.

మర్నాడు పొద్దున్నే గురువుగారు అతన్ని పక్కవాళ్ల తోటకి తీసుకువెళ్లారు. అక్కడ కాలు పెడితే ఆకు కుళ్లులో దిగబడుతోంది. ఒక మాను పక్కన కదలకుండా కూర్చోబెట్టారు. కాసేపటికి కుళ్లిన అరటి బోదెలోంచి నువ్వుగింజలో సగం లేని పురుగు ఒకటి లేచి, పువ్వు దగ్గర వాలింది.

"దోమ!" అంటూ శ్రీపతి చెయ్యి ఎత్తాడు. గురువుగారు మణికట్టు పట్టుకున్నారు.

"దోమలకి చుట్టం. మనిషి జోలికి రాదు. ఆ కుళ్లులోనే పుడుతుంది."

అది పువ్వులో దూరింది, బయటికి వచ్చింది, పక్క చెట్టు మీదికి పోయింది. అతనికి కుంచెతో కష్టమైన పని దానికి రెప్పపాటు కూడా పట్టలేదు.

శ్రీపతి గురువు వైపు ఓరగా చూశాడు. "ఇదంతా మీకు ముందే తెలుసు కదూ?"

"తెలిస్తే బోదెలు తగలబెట్టనిచ్చేవాణ్ణా? పూలకి పుప్పొడి అందడం లేదని మాత్రం తోచింది. ఎందుకో మొన్న ఈ తోట రైతుని అడిగాను, చెప్పాడు."

"అయితే మనకి జ్వరం తెచ్చిన దోమ కూడా ఎక్కడో ఎవరికో మేలు చేస్తోందంటారా?"

"కాలవలో దోమపిల్లల్ని మింగే చేపపిల్లని అడగాలి ఆ మాట. నేను మాత్రం దోమతెర కట్టుకునే పడుకుంటాను."

ఇద్దరూ కాలవ గట్టు వెంట తిరిగివస్తున్నారు. వంతెన దగ్గర గురువుగారు ఆగారు.

"గంగారత్నం ఇల్లెక్కడ?"

శ్రీపతి తలవంచుకున్నాడు. "తెలియదు గురువుగారూ."

"వంతెన దాటి ఎవర్నైనా అడుగు. అక్కడ ఆవిడ అందరికీ తెలుసు" అన్నారు గురువుగారు.