పక్క సీటు

షమీమా అడిగింది ఒక్కటే.

"ఉస్తాద్, మంచు మీద కారు జారకుండా నడపడం నేర్పండి."

దోర్జే ఉస్తాద్ పొయ్యిలోకి కట్టె తోస్తూ, "అది నాకూ రాదమ్మాయి," అన్నాడు.

ఆ మాటకి ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. విజయవాడ ఆటోనగర్ నుంచి హిమాలయాల్లోని ఈ లాహౌల్ లోయ దాకా ఐదు రోజులు ఒక్కతే కారు నడుపుకుంటూ వచ్చింది. ఉస్తాద్‌కి డెబ్బై దాటాయి. ముప్పై ఏళ్ళు కనుమ దారిలో మంచు తీసే బండ్లు నడిపాడు. చలికాలం కారు పందేలకి వెళ్ళేవాళ్ళు ఆయన ఇంట్లో నాలుగు రోజులుండి, ఆయన చెప్పినట్టు నడిపి చూసుకుని పోతుంటారు. ఆ నమ్మకంతోనే షమీమా కూడా వచ్చింది. తీరా వస్తే ఈ జవాబు.

"జారకుండా ఉండేది కొండ ఒక్కటే," అన్నాడాయన వెన్న వేసి కాచిన టీ గిన్నె ఆమె ముందు పెడుతూ. "తాగు. చల్లారితే వెన్న పేరుకుంటుంది."

మర్నాడు ఆమెని ఊరి చివర పొలంలోకి తీసుకెళ్ళాడు. ఎండాకాలం బంగాళాదుంపలు వేసే ఆ నేల మీద ఇప్పుడు మంచు గట్టిగా అణిగి సిమెంటు గచ్చులా ఉంది. షమీమా కారు రెండే సీట్లున్న నీలం స్పోర్ట్స్ కారు. నడుమెత్తు కూడా లేని తలుపులోంచి వంగి దూరాలి. దాన్ని చూసి ఊళ్ళో ఆడవాళ్ళు, ఇది మంచులో కడుపు ఈడ్చుకుంటూ పోతుందే అని నవ్వారు.

ఆయన రాతిగోడ మీద కూర్చుని చూశాడు. ఆమె గుండ్రంగా తిప్పింది, వేగంగా తీసుకొచ్చి ఆపింది, కావాలని జార్చి మళ్ళీ దారిలో పెట్టింది. వెనక చక్రాలు పక్కకి పోతుంటే యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేసి, స్టీరింగ్ కాస్త తిప్పి, కారుని బుజ్జగించినట్టు వెనక్కి రప్పించేది. రెండో రోజూ అంతే. మూడో రోజు మధ్యాహ్నం ఆయన గోడ దిగొచ్చాడు.

"నీకు నేర్పడానికి నా దగ్గర ఏమీ లేదు. జారుతోంది, నిలబెట్టుకుంటున్నావు. నేనూ ముప్పై ఏళ్ళు చేసింది అదే. వెళ్ళిరా."

షమీమా కారు దిగలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుంది.

"ఒక్కదాన్నే ఉంటే వస్తుంది ఉస్తాద్. పక్కన మనిషి ఉంటే రాదు."

అప్పుడు చెప్పింది జ్యోత్స్న సంగతి. జ్యోత్స్న ఆమె చిన్ననాటి స్నేహితురాలు. పందెంలో పక్క సీట్లో కూర్చుని, ముందు ఏ మలుపుందో కాగితం చూసి చదివే మనిషి. ఇద్దరూ కలిసి ఆరేళ్ళు పందేలకి తిరిగారు. రెండేళ్ళ కిందట జనవరిలో, ఎండ తగలని ఒక మలుపులో, కారు జారింది.

"వేగంగా కూడా కాదు ఉస్తాద్. మెల్లగా, ఎవరో పడవని తోసినట్టు, ఎడం పక్క రాతి వైపు పోయింది. ఎడం పక్క జ్యోత్స్న ఉంది. దాని వైపే చూస్తూ ఉండిపోయాను. దానికేమవుతుందో అని. అది మాత్రం కాగితంలోంచి తలెత్తలేదు. తర్వాతి మలుపు చదువుతూనే ఉంది. చదువుతుండగానే రాయి తగిలింది."

జ్యోత్స్న కాలి ఎముక రెండు చోట్ల విరిగింది. ఎనిమిది నెలలు పట్టింది నడవడానికి. నుజ్జయిన కారుని షమీమా తండ్రి మస్తాన్ మేస్త్రీ తన షెడ్డులో పెట్టుకుని, ఒక్కో నట్టూ విప్పి బిగించి, మళ్ళీ కొత్తది చేసిచ్చాడు. కారు బాగైంది. కాలు బాగైంది. ఆ తర్వాత ఆ సీట్లో షమీమా ఎవర్నీ కూర్చోనివ్వలేదు. సొంత తండ్రిని కూడా.

"అది నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది."

ఉస్తాద్ కారు మీద పడిన మంచుపొడి చేత్తో తుడిచి ఇంటి వైపు నడిచాడు.

ఆ సాయంత్రం జ్యోత్స్న ఫోన్ చేసింది. ఇద్దరూ కలిసి పేర్లిచ్చిన మంచు పందేనికి ఇంకా పది రోజులుంది.

"ఒసేయ్ షమీ, గురువారం బయల్దేరనా, వద్దా? మనాలి దాకా టిక్కెట్టు దొరుకుతోంది. అక్కణ్ణుంచి ఏదో బస్సు పట్టుకుంటాను."

"కాలెలా ఉంది?"

"కాలుకేం, దివ్యంగా ఉంది. నీ సంగతే అంతుపట్టట్లేదు. రావద్దంటే చెప్పేయ్, నేనేం అనుకోను."

"రేపు చెప్తాను," అని పెట్టేసింది షమీమా.

పొద్దున్నే ఉస్తాద్ ఆమె గది ముందు నిలబడి ఉన్నాడు. తలకి ఉన్ని టోపీ, మెడ చుట్టూ శాలువా. కుడి బుగ్గ బూరెలా పొంగి ఉంది.

"పన్ను. రెండు రోజులుగా సలుపుతోంది. కేలాంగ్ ఆసుపత్రిలో పీకించుకోవాలి. బస్సు రాలేదు. దింపు."

"ఊళ్ళో జీపులున్నాయి కదా ఉస్తాద్. ఎవర్నైనా అడుగుతాను, ఒక్క నిమిషం."

"జీపొచ్చేదాకా ఈ పన్ను ఆగేట్టు లేదు."

ఆయనే తలుపు తీసుకున్నాడు. పొడుగాటి కాళ్ళు ఎలాగోలా మడుచుకుని పక్క సీట్లో ఇరుక్కున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు.

"ఉస్తాద్, నిన్న నేను చెప్పింది విన్నారా?"

"చెవులు బాగానే ఉన్నాయి. పన్నే బాలేదు."

టోపీని కళ్ళ మీదికి లాక్కుని, తల వెనక్కి వాల్చాడు.

పద్నాలుగు కిలోమీటర్లు. మొదటి రెండింట్లో షమీమా గేరు పెంచనే లేదు. కారు మనిషి నడకలా పోతోంది. ఒక చూపు రోడ్డు మీద, ఒక చూపు ఆయన మీద. వంతెన దగ్గర బండి కాస్త కుదిపితే ఆయన బెల్టు సరిగ్గా ఉందా అని చూసుకుంది. పక్కన చిన్నగా గురక మొదలైంది.

ఆమెకి కోపమొచ్చింది. నిజంగానే వచ్చింది. అంతా చెప్పాక, ఏడ్చినంత పని చేసి చెప్పాక, ఈ మనిషికి నిద్రెలా పడుతోంది? లేపి దించేద్దామా అనుకుంది. చుట్టూ మంచు, కింద నది. ఎక్కడ దించాలి?

చేసేదేం లేక రోడ్డు వైపు తిరిగింది.

గురక పోతూనే ఉంది. కాసేపటికి అది ఇంజను చప్పుడులో కలిసిపోయింది. కారు తన నడక తను అందుకుంది.

పదో కిలోమీటరు దగ్గర కొండ రోడ్డు మీదికి ఒరిగి ఉంది. అక్కడ ఎండ పడదు. మంచు నల్లగా, అద్దంలా మెరుస్తోంది. షమీమా దాన్ని చూసేసరికే కారు దాని మీదుంది. వెనక భాగం మెల్లగా విడిపోయింది. ఎడం పక్క రాయి. ఎడం పక్క ముసలాయన.

మలుపు అవతల, విల్లో చెట్ల మధ్య, ఎండ పడుతున్న రోడ్డు ముక్క ఒకటి కనిపించింది. ఆమె దాన్నే చూసింది. కాలు తేలికైంది. చేతులు వాటంతటవే కాస్త తిరిగాయి. కారు ఒకసారి ఊగి, రాతికి బారెడు దూరంలో దారిలోకొచ్చి, ఎండలోకి వెళ్ళింది.

ఉస్తాద్ కదల్లేదు.

ఆసుపత్రి ముందు ఆగాక ఆయన టోపీ పైకి తోసుకుని కళ్ళు నులుముకున్నాడు.

"వచ్చేశామా?"

"ఉస్తాద్, మీరు నిజంగా నిద్రపోయారా?"

"నా బండిలో నా పక్కన కూర్చున్న ప్రతివాడూ నిద్రపోయేవాడు. ముప్పై ఏళ్ళు వాళ్ళని చూసి కుళ్ళుకున్నాను. ఇవాళ నా వంతు," అన్నాడు బెల్టు తీసుకుంటూ.

"దారిలో జారింది. చెట్లు రాకముందు, నల్ల మంచు మీద."

"జారిందా? ఎటు?"

"మీ వైపే."

ఆయన ఒక కాలు బయట పెట్టి ఆగాడు.

"అప్పుడు నా వైపు చూశావా?"

షమీమా ఆలోచించింది.

"లేదు."

"అందుకే ఇంకా నాకు పీకించుకోవడానికి పన్నుంది," అని బుగ్గ పట్టుకుని లోపలికి నడిచాడు.

ఆమె చాలాసేపు కారులోనే ఉంది. ఖాళీ సీటు మీద ఆయన కూర్చున్న చోట ఇంకా గుంట పడే ఉంది. తర్వాత ఫోన్ తీసి జ్యోత్స్నకి చేసింది.

"గురువారం బయల్దేరు."

"సరే. మనాలి నుంచి ఏ బస్సెక్కాలో కనుక్కుని చెప్పు."

"బస్సెందుకే," అంది షమీమా. "నేను కారు తీసుకొస్తాను."