ఎర్రమచ్చ మాడ

"చిన్నదొర మాడ ఉన్నవాళ్లు బయటికి రండహో! ఒకటికి నూరు మాడలు!"

తప్పెట మోతతో కలిసి ఆ కేక వీధి చివర నుంచి వినబడింది. గంజి కలుపుతున్న విరూపాచారి చేతిలో గరిటె ఆగిపోయింది. రెండో చెయ్యి తనకు తెలియకుండానే మొలలోకి పోయింది. ఉంది. పదకొండేళ్లుగా ఉన్నచోటే ఉంది.

మాడంటే ఆ రోజుల్లో బంగారు నాణెం లెండి. పెన్నగిరి కోట కోసం అన్నదమ్ములిద్దరు కొట్టుకున్నప్పుడు, సైన్యానికి జీతాలివ్వడానికి చిన్నదొర నలభై రోజులు సొంతంగా మాడలు కొట్టించాడు. గెలిచింది పెద్దదొర. తమ్ముడి ముద్ర కనబడ్డ ప్రతి మాడనీ కరిగించేశాడు. ఒకప్పుడు మూటల్లో మోసిన నాణెం ఇప్పుడు కళ్లకద్దుకుందామన్నా దొరకదు. రేవు పట్నంలో ఒక షావుకారుకి అలాంటివి పోగేసే పిచ్చి పట్టింది. మామూలు పిచ్చా, నూరింతలు ఇచ్చే పిచ్చి!

విరూపాచారి ఆ మాడలు కొట్టిన టంకశాలలో బంగారు పని చేసిన అక్కసాలి. ఆఖరి రోజు కూలి కింద చేతిలో పెట్టిన మాడ అది. దొంగిలించింది కాదు. యుద్ధం ముగిశాక ఏ పనీ చెయ్యబుద్ధి కాక, ఊరి చివర ఉండే నూరుల్లా బాబాకి శిష్యుడయ్యాడు.

బాబా దగ్గర ఏముంది? వెనక సమాధులు, ముందు వంటశాల. యుద్ధంలో మొగుళ్లు పోయిన ముప్ఫైమంది ఆడవాళ్లు అక్కడే వండుకుని అక్కడే తింటారు. అందరూ కూర్చున్నాకే మొదటి ముద్ద, అదొక్కటే నియమం. విరూపాచారి మాత్రం "వడ్డన నాది" అని తప్పించుకుని, ఏనాడూ పంక్తిలో కూర్చోలేదు. ఆ వంటశాలకి కప్పు సగమే ఉంది. వానొస్తే వండిన గంజికి మళ్లీ ఎసరు పెట్టినట్టే.

అందుకే ఆ కేక వినగానే అతని గుండె పొంగింది. నూరు మాడలు! కప్పేం ఖర్మ, మిద్దే కట్టొచ్చు.

తప్పెట వాయించే ఓబులేసుని లోపలికి పిలిచి, అందరూ చూస్తుండగా మాడ తీసి బాబా పాదాల దగ్గర పెట్టాడు.

"వంటశాలకి నా కానుక, బాబా."

బాబా దాన్ని వెలుగులో తిప్పి చూశాడు. "నిజమైందేనా?"

"అదేం మాట బాబా! ఆ అంచున ఎర్రమచ్చ చూడండి. దొంగ మాడ ఎంత పనివాడు కొట్టినా ఆ మచ్చ రాదు."

"అవును, మా షావుకారు కూడా మచ్చే చూడమన్నాడు" అన్నాడు ఓబులేసు ఆశగా.

"ఎందుకొచ్చింది మచ్చ?" అన్నాడు బాబా.

పనితనం గురించి అడిగితే ఏ అక్కసాలి ఊరుకుంటాడు? "టంకం బాబా, అతుకు వెయ్యడానికి రాగి కలుపుతాం కదా. శుద్ధి చేసే తీరిక మాకు ఇవ్వలేదు. పుస్తెలు వచ్చినవి వచ్చినట్టే మూసలో పోశాం. పుస్తెకి కొక్కెం అతికించిన టంకం కరిగి..."

మాట అక్కడ తడబడింది. పొయ్యి దగ్గర కత్తిపీట చప్పుడు ఆగిపోయింది.

చిన్నదొర మనుషులు ఇంటింటికీ తిరిగి వలిచిన పుస్తెలు అవి. మగవాళ్లు గెలిచి రాగానే రెట్టింపు బంగారం ఇస్తామన్నారు. అందాకా మెళ్లో పసుపుకొమ్ము కట్టుకోమన్నారు. బంగారం రాలేదు. మగవాళ్లూ రాలేదు. కనీసం శవాలైనా రాలేదు.

బాబా లేచి వెళ్లి, పసుపు నూరుతున్న సుంకమ్మ అరచేతిలో ఆ మాడ పెట్టాడు.

సుంకమ్మ ఏడవలేదు. మాడని అటూ ఇటూ తిప్పింది. "నా పుట్టింటి పుస్తెకి సొట్ట ఉండేది, ఆచారీ. పళ్లొచ్చేటప్పుడు నా కూతురు కొరికింది. ఆ సొట్టేదయ్యా?"

"కరిగాక... సొట్ట ఉండదమ్మా."

"ఉండదా" అని పక్కామె చేతికిచ్చింది.

అలా చేతులు మారింది. ఒకామె వాసన చూసింది. ఒకామె గుప్పిట మూసి ఎంతకీ తెరవలేదు. ఒకామె ముట్టుకోనే లేదు, పక్కకి తప్పుకుంది. ముప్ఫైమందినీ దాటి మాడ మళ్లీ విరూపాచారి దగ్గరికి వచ్చింది. పసుపు అంటి, చెమ్మగా ఉంది. ఆ పసుపు కింద మచ్చ కనబడలేదు.

"నీ కూలి నీది, విరూపా" అన్నాడు బాబా. "అమ్ముతావో ఉంచుకుంటావో నీ ఇష్టం. గంజి చల్లారుతోంది, కూర్చోండమ్మా."

ఎవరూ కూర్చోలేదు.

"ఏంటమ్మా ఇది? మంచి బేరం ముందు పెట్టుకుని అలా నిలబడ్డారు? అవతల నాకు పొద్దుపోతోంది" అన్నాడు ఓబులేసు.

సుంకమ్మ వాడివైపు చూసింది. "మీ ఊళ్లో శవాన్ని ఇంట్లో పెట్టుకుని కూడు తింటారా నాయనా?"

ఓబులేసు తప్పెట కర్రని చంకలో పెట్టేసుకున్నాడు.

విరూపాచారి మాడని గుప్పిట్లో బిగించాడు. తర్వాత గోడకి ఆనించిన గునపం తీసుకుని సమాధుల వైపు నడిచాడు. నేల గట్టిది. నాణేనికి జానెడు లోతు చాలు గానీ, అతను ఆపలేదు. నడుములోతు తవ్వాడు. మాడని లోపల పెట్టి, పైకొచ్చి పక్కకి నిలబడ్డాడు.

బాబా మూడు పిడికిళ్ల మట్టి వేశాడు. తర్వాత సుంకమ్మ. తర్వాత ఒక్కొక్కరే. మాడని ముట్టుకోని ఆమె అందరికంటే ఆఖర్న వచ్చింది. ఆమె వేసి వెళ్లాక, ఓబులేసు తలపాగా తీసి తనూ ఒక పిడికెడు వేశాడు. ఎవరికోసమో అడగలేదు ఎవరూ.

బావి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చేసరికి వాన మొదలైంది. కప్పు లేని సగంలోంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. విరూపాచారి అలవాటుగా గరిటె అందుకోబోయాడు. అప్పటికే అది బాబా చేతిలో ఉంది.

పంక్తి చివర, వానలో, విరూపాచారి తల వంచుకుని నిలబడ్డాడు.

"జరగండమ్మా" అన్నాడు బాబా. "తడవని చోట ఇంకో ఇద్దరు పడతారు."

సుంకమ్మ జరిగింది. ఆమె పక్కన విరూపాచారి, అతని పక్కన ఓబులేసు కూర్చున్నారు. అప్పుడు అందరూ మొదటి ముద్ద తీసుకున్నారు.