భైరడి తోడు చెవి

ఊరు దాటాక, కంకర తవ్వి వదిలేసిన గుంతల పక్కన పాత సున్నపు బట్టీ ఒకటి ఉంది. కప్పు ఎప్పుడో కూలిపోయింది, గోడలు మాత్రం నడుమెత్తున మిగిలాయి. ఒక గొర్రెల కాపరి తప్ప మనుషులు అటు రారు. సంత రోజున ఊరంతా సంతకు కదిలాక అక్కడికి కొన్ని జంతువులు చేరేవి. మేత కోసం అనుకునేరు! అక్కడ గడ్డిపరక కూడా మొలవదు. వాటికి మనసు బాగుండదు, అందుకు వచ్చేవి.

కాలు విరిగిందంటే అందరూ అయ్యో అంటారు. మనసు బాగాలేదంటే మాత్రం తిన్నది అరగక అంటారు. ఆ మాట పడీ పడీ విసిగిపోయిన గేదె సూరమ్మ ఈ కూటం మొదలుపెట్టింది. ఆమె దూడ చచ్చిపోతే, యజమాని దాని తోలులో గడ్డి కుక్కి ముందు నిలబెట్టి పాలు పితుక్కున్నాడు. అది తన దూడ కాదని సూరమ్మకు తెలుసు. తెలిసీ నాకింది, తెలిసీ పాలిచ్చింది. అప్పట్నుంచీ ఆమెకు లేవబుద్ధి కాదు, మెయ్యబుద్ధి కాదు. తెల్లారిందంటేనే ఏడుపొస్తుంది.

ఇసుక మోసే గాడిద అంకులుది ఇంకో రకం. కొన్నాళ్ళు ఊరి ఇసుకంతా తానే మోస్తానని గంతులేస్తాడు, నోరు మూయడు. ఆ తర్వాత పడుకున్నాడంటే ఎన్ని దెబ్బలు వేసినా లేవడు. కుందేలు చిట్టెమ్మకు ఉన్నట్టుండి గుండె దడ, ఒళ్ళంతా వణుకు. ఇక మన భైరడు, గొర్రెల కాపరి ఈరప్ప కుక్క. వాడికి లేని చప్పుళ్ళు వినబడతాయి.

సూరమ్మ పెట్టిన కట్టుబాట్లు తక్కువే. ఇక్కడ ఎవరూ నవ్వరు, ఎవరూ సలహాలు ఇవ్వరు. చెప్పుకున్న మాట గోడ దాటదు. రానివాళ్ళను వెళ్ళి పిలుచుకు రావాలి. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి ఒక్కరికీ ఒక తోడు ఉండాలి. చెడ్డ ఘడియ వచ్చినప్పుడు ఆ తోడును పిలవాలి.

భైరడి కష్టం కొంచెం వివరంగా చెప్పాలి. పగలు ఈరప్ప మందను మేపుకు తోలుకుపోతాడు. నడవలేని పసి గొర్రెపిల్లల్ని బట్టీ పక్కనే ముళ్ళకంప దొడ్డిలో ఉంచి, భైరణ్ణి కాపలా పెడతాడు. కంప కదిలినట్టు, ఎవరో పాక్కుంటూ వస్తున్నట్టు భైరడికి వినబడేది. గొంతు చించుకుని మొరిగేవాడు. ఈరప్ప మందను వదిలేసి పరుగెత్తుకొచ్చేవాడు. చూస్తే ఏముంది? ఏమీ లేదు! ఈలోగా మంద ఎవరి వేరుశెనగ చేలోనో పడేది, అక్కడ ఇంకో రభస. చివరికి ఈరప్ప కర్ర చూపించి చెప్పాడు.

"ఇంకొక్కసారి ఉత్తపుణ్యానికి మొరిగావంటే నిన్ను రైలుకట్ట అవతల వదిలేసి వస్తా."

ఆ పిల్లలు తప్ప భైరడికి లోకం లేదు. పుట్టిన పూట నుంచి వాటిని నాకి పెంచినవాడు.

కూటంలో ఈ సంగతి చెప్పుకుని ఏడిస్తే చిట్టెమ్మ ముందుకొచ్చింది. "నీకు తోడు నేనుంటా భైరన్నా. చప్పుడు వినబడితే మొరగొద్దు, నన్నడుగు. నాకూ వినబడితేనే మొరుగు."

ఇది బాగా కుదిరింది. "చిట్టెమ్మా, వినబడిందా?" అని వాడు, "లేదన్నా, పడుకో" అని ఆమె. వాడి లోపలి చప్పుళ్ళు ఆగలేదు కానీ మొరుగుడు ఆగింది. ఈరప్ప మళ్ళీ తల నిమరడం మొదలుపెట్టాడు.

అట్లాంటి రోజుల్లో ఒక సంతనాడు నక్క జంబన్న వచ్చాడు. తోక నేల మీద ఈడుస్తూ, తల వేలాడేసుకుని గోడ బయటే నిలబడ్డాడు. అబ్బ, ఆ వినయం చూడాలి!

"అక్కా, బతుకు మీద విరక్తి పుట్టింది. లోపలికి రావచ్చా?"

అంకులు ఆ రోజుల్లో మాటల ఊపులో ఉన్నాడు. "నక్కకు విరక్తేందమ్మా? వీడు గొర్రెపిల్లల వాసనకు వచ్చినట్టుంది."

"ఊరుకో అంకులూ," అంది సూరమ్మ. "బాధ అని వచ్చినవాణ్ణి రుజువు చూపించమని అడుగుతామా? మనల్ని అట్లా అడిగినవాళ్ళ వల్లే కదా మనం ఈ గోడల మధ్య కూర్చున్నాం. రా నాయనా, కూర్చో."

జంబన్న కూర్చున్నాడు. తక్కువ మాట్లాడాడు, ఎక్కువ విన్నాడు. భైరడు చెప్పేటప్పుడైతే కళ్ళు తుడుచుకుంటూ విన్నాడు. మనవాడు కరిగిపోయాడు. తన మాట అంత శ్రద్ధగా విన్నవాళ్ళు వాడికి పుట్టి బుద్ధెరిగాక లేరు.

కొన్ని సంతలు గడిచాక జంబన్న మెల్లగా మాట కదిపాడు. "తప్పుగా అనుకోకండి. పాపం చిట్టెమ్మకే గుండె దడ. ఆకు రాలితే ఉలిక్కిపడే పిల్ల నెత్తిన భైరన్న చెవుల బరువు కూడా పెట్టడం న్యాయమా? రేపు భయంలో లేనిది ఉందని చెబితే? భైరన్న మొరుగుతాడు, ఈరప్ప రైలుకట్ట దాటిస్తాడు. ఆ పాపం చిట్టెమ్మకు చుట్టుకోదూ?"

"నిజమే. నా చెవిని నేనే నమ్మలేను," అంది చిట్టెమ్మ.

"నాకు ఎట్లాగూ నిద్ర లేదు, పని లేదు," అన్నాడు జంబన్న. "భైరన్న పక్కన నేను కూర్చుంటా."

చిట్టెమ్మకు ఊరట అవుతుందని సూరమ్మ సరేనంది. భైరడు సంబరపడ్డాడు కూడా. నక్క చెవి అంటే మాటలా? ఎలుక నడిచినా పట్టేస్తుంది.

జంబన్న మొదట్లో నిజాయితీగానే చేశాడు, అదే వాడి తెలివి. చప్పుడు లేనప్పుడు లేదన్నాడు. ఒకసారి ఊరకుక్కలు దొడ్డి దగ్గరికొస్తే, "ఇది నిజమే భైరన్నా, మొరుగు!" అని వాడే చెప్పాడు. జంబన్న గుంతల్లోకి తప్పుకున్నాడు. ఈరప్ప వచ్చి కుక్కల్ని తరిమి, ఆ పూట భైరడికి సంగటి ముద్ద మీద కాస్త పాలు పోశాడు. భైరడికి జంబన్న దేవుడైపోయాడు.

ఒక మధ్యాహ్నం దొడ్డి వెనకవైపు కంప గరగరమంది.

"జంబన్నా, వినబడిందా?"

"లేదే."

"కంప ఈడుస్తున్నారు జంబన్నా. గట్టిగా వినబడుతోంది."

"నీకు గట్టిగా వినబడేవే కదా లేనివి. కళ్ళు మూసుకో."

"నక్క వాసన కూడా వస్తోంది."

జంబన్న నవ్వాడు. "నీ పక్కన కూర్చున్నది ఎవరు మరి? ఆవా?"

భైరడు సిగ్గుపడి కళ్ళు మూసుకున్నాడు. లోపల ఒక పిల్ల సన్నగా అరిచింది. అది కూడా తన జబ్బేననుకుని పళ్ళు బిగబట్టి ఓర్చుకున్నాడు. ఇంతలో చప్పుడు ఆగిపోయింది. "చూశావా, తగ్గిపోయింది," అన్నాడు జంబన్న.

ఈరప్ప తిరిగొచ్చేసరికి వెనక కంప చీలి ఉంది. తెల్లచుక్క నుదురు పిల్ల లేదు. నెత్తురు చారలు గుంతల వైపు పోయాయి. దాన్ని ఎత్తుకుపోయింది జంబన్న తమ్ముడు. అన్న కాపలాదారుణ్ణి పట్టి కూర్చోబెట్టాడు, తమ్ముడు పని కానిచ్చాడు. ఇద్దరూ పంచుకు తిన్నారు.

ఈరప్ప కొట్టాడు. "మొరగొద్దన్నప్పుడు మొరిగి చస్తావు, మొరగాల్సినప్పుడు నోరు పడిపోయిందా? ఇంకో పిల్ల పోయిందంటే నీకు ఇక్కడ చోటు లేదు," అన్నాడు. దెబ్బల నొప్పి భైరడికి తెలియలేదు. వాడి బాధ దానికంటే పెద్దది. ఇన్నాళ్ళూ లేనివి వినబడేవి, ఇప్పుడు ఉన్నదేదో లేనిదేదో కూడా తెలియకుండా పోయింది. ఆ పిల్ల అరిచింది. తను విన్నాడు. విని కళ్ళు మూసుకున్నాడు. ఈ బుర్ర పెట్టుకుని బతికేం లాభం అనుకున్నాడు. ముద్ద ముట్టలేదు. తల్లి గొర్రె దొడ్డి చుట్టూ తిరుగుతూ అరుస్తుంటే తల ఎత్తి చూడలేకపోయాడు.

వచ్చిన సంతనాడు భైరడు బట్టీకి రాలేదు.

"వాణ్ణి కాస్త ఒంటరిగా వదిలేద్దాం అక్కా," అన్నాడు జంబన్న.

"రానివాణ్ణి పిలుచుకు రావాలి. అది మన కట్టుబాటు," అంది సూరమ్మ. "నువ్వు తోడు ఉండగా దెబ్బ తిన్నాడు. నిన్ను చూస్తే ఇంకా కుములుతాడు. నువ్వు ఇక్కడే ఉండు."

ఆమెకు ఆ రోజు లేచి నిలబడటమే గగనం. అయినా ఒక్కో కాలూ ఈడ్చుకుంటూ దొడ్డి దాకా నడిచింది. చిట్టెమ్మ వెనకే వచ్చింది. అంకులు పడకేసే రోజుల్లోకి జారాడు, కళ్ళు తెరవలేకపోతున్నాడు, అయినా వచ్చాడు.

"లేవయ్యా భైరన్నా," అంది సూరమ్మ.

"నన్నొదిలెయ్ అక్కా. నా బుర్ర కుళ్ళిపోయింది. పిల్ల అరుపు విన్నా. జంబన్న లేదన్నాడు. లేనిదాన్ని విన్నానా, ఉన్నదాన్ని వినలేదా, ఏమీ తెలియడం లేదు."

చిట్టెమ్మ వణకడం మొదలుపెట్టింది. "నాకూ వినబడింది భైరన్నా. ఆ రోజు నేను బట్టీ వెనక ఉన్నా. కంప ఈడ్చిన చప్పుడూ విన్నా, పిల్ల అరుపూ విన్నా. నా భయమేలే అనుకున్నా. నన్ను ఎవరూ అడగలేదు కదా, నేను చెప్పలేదు." అంటూనే భోరుమంది.

భైరడు తల ఎత్తాడు. "వాసన," అన్నాడు మెల్లగా. "ఆ రోజు గాలి దొడ్డి వైపు నుంచి నా మీదికి వీస్తోంది. జంబన్న నాకు ఇటు పక్కన ఉన్నాడు. వాసన అటు నుంచి వచ్చింది."

రెండో నక్క ఉందని, జంబన్న అబద్ధమాడాడని సూరమ్మకు అర్థమైంది. "వాణ్ణి లోపలికి రమ్మన్నది నేనే," అంది. "మనం ఇంకో తప్పు కూడా చేశాం. ఒకడి బతుకంతా ఒక్క చెవికి కట్టేశాం. ఇకనుంచి ఒకర్ని కాదు, అందర్నీ అడుగు. మేం ముగ్గురం రోజూ బట్టీ గోడ చాటున ఉంటాం. జంబన్నకు మాత్రం చెప్పొద్దు."

భైరడికి నటించడం చేతకాదు. కానీ దిగులుతో ముడుచుకుని పడుకోవడానికి నటన అక్కర్లేదు. జంబన్న ఎప్పటిలాగే వచ్చి పక్కన కూర్చుని, "అయిందేదో అయింది. అంతా మన జబ్బు. ఎవరినీ తప్పుపట్టలేం," అని ఓదార్చాడు. వాడి తమ్ముడికి మళ్ళీ ఆకలేసేదాకా అట్లాగే ఓదార్చాడు.

ఒక ఎండపొద్దున కంప మళ్ళీ గరగరమంది.

"జంబన్నా, వినబడిందా?"

"లేదు భైరన్నా. కళ్ళు మూసుకో."

భైరడు కళ్ళు మూసుకోలేదు. బట్టీ వైపు తిరిగి గొంతెత్తి అడిగాడు. "చిట్టెమ్మా! వినబడిందా?"

"వినబడింది!" గోడ అవతల నుంచి వణుకుతూనే వచ్చింది గొంతు.

"సూరమ్మక్కా?"

"వినబడింది నాయనా!"

అంకులు మాట కోసం వెతుక్కోలేదు. పడుకున్నచోటు నుంచే గుంతలు దద్దరిల్లేలా ఓండ్ర పెట్టాడు.

ఇక చూస్కోండి! అట్లాంటి మొరుగుడు భైరడు అంతకుముందెన్నడూ మొరగలేదు. దొడ్డి వెనక్కి దూకేసరికి తమ్ముడు నక్క సగం లోపల, సగం బయట, ముళ్ళల్లో ఇరుక్కుని ఉన్నాడు. "అన్నా! అన్నా!" అని అరిచాడు. అన్న ఎక్కడ? అప్పటికే గుంతల్లో పడి పరుగు లంకించుకున్నాడు. వెనక తమ్ముడి గొంతు వినబడుతూనే ఉంది, కానీ తిరిగి చూడలేదు. ఈరప్ప కర్ర తీసుకుని రానే వచ్చాడు. ఆ తర్వాత ఆ గొంతు ఆగిపోయింది.

భైరడి చోటు వాడికి దక్కింది. అంతమాత్రాన జబ్బు పోలేదు. చప్పుళ్ళు ఇప్పటికీ వస్తాయి, వాడు ఇప్పటికీ అడుగుతాడు. తల్లి గొర్రె ఇప్పటికీ వాడి పక్కన పడుకోదు. సూరమ్మకు తెల్లారితే ఏడుపు రావడమూ మానలేదు.

వానలు మొదలయ్యాక ఒక సంతనాడు గోడ బయట జంబన్న మళ్ళీ కనబడ్డాడు. బొచ్చు ఊడిపోయింది, డొక్కలు ఎగరేస్తున్నాడు.

"అక్కా," అన్నాడు. "నాకు నిద్ర పట్టడం లేదు. వేటకు పోబుద్ధి కాదు. తమ్ముడు ముళ్ళల్లోంచి పిలుస్తూనే ఉంటాడు. ఈసారి నిజం అక్కా. ఒక్కసారి చెప్పుకోనివ్వండి."

బాధ అని వచ్చినవాణ్ణి రుజువు అడగకూడదన్నది సూరమ్మ అన్న మాటే. ఆమె భైరడి వైపు చూసింది.

భైరడు లేచి గోడ దాకా వచ్చాడు.

"నీది నిజమే అయ్యుండొచ్చు జంబన్నా. నీ మొహం చూస్తే నాకు నిజమేననిపిస్తోంది. అప్పుడు కూడా నాకు ఇట్లాగే అనిపించింది. నువ్వొచ్చి కూర్చుంటే చిట్టెమ్మ నోరు విప్పదు, నేనూ విప్పను. నువ్వు లోపలికొస్తే ఈ చోటు ఉండదు. వెళ్ళు."

చెప్పడానికి జంబన్న దగ్గర ఇంకా అబద్ధాలు ఉన్నాయి, కానీ నిజాన్నే నమ్మనప్పుడు వాటితో పనేముంది? వానలోనే తిరిగి గుంతల వైపు నడిచాడు. వాడు కనుమరుగయ్యేదాకా భైరడు చూస్తూనే ఉన్నాడు. జాలేసింది, పిలవాలనీ అనిపించింది. పిలవలేదు.

పక్కవాడి జబ్బును దొంగతనానికి వాడుకున్నవాడికి, తన జబ్బు నిజమైన రోజున నమ్మేవాడు దొరకడు.