గాలి తాగని మాస్కు

రండి తల్లీ, రండి నాయనా, కాస్త ముందుకు జరగండి. గోడకి చేరబడ్డవాళ్ళు కూడా లేచి ఇటు రండి. ఈ కథను గొంతు పెంచి చెప్పడం నాకు చేతకాదు. దగ్గరగా కూర్చోండి, భగవంతుణ్ణి తలుచుకోండి, వినండి.

భీమిలి దాటాక సముద్రాన్ని ఆనుకుని రాళ్ళపాలెం అని ఒక జాలరిపేట. దాని పైనున్న గుట్ట మీద అచ్యుతస్వామివారి ఆశ్రమం. ఆశ్రమమంటే ఒక రేకుల పాక, ఒక తులసికోట, ఒక నీళ్ళతొట్టి. స్వామివారికి తెల్లని గడ్డం బొడ్డు దాకా ఉండేది. పైపెదవి మీద మాత్రం ఒక్క వెంట్రుక ఉండేది కాదు. రోజూ పొద్దున్నే సంధ్య వార్చుకున్నాక, గిన్నెడు నీళ్ళు పెట్టుకుని, అరచేతంత అద్దం ముందు కూర్చుని, ఆ రెండు వేళ్ళ మేరా బ్లేడుతో శుభ్రంగా గీసుకునేవారు. ఒళ్ళు కాలే జ్వరంలో కూడా మానేవారు కాదు. పేటలో ఆడవాళ్ళు ఆయన్ని 'సగం సామి' అని ముద్దుగా చెప్పుకునేవారు.

ఆయన శిష్యుల్లో విద్యాధరం అని ఒక బడిపంతులు. కాస్త నోరున్నవాడు. ఒకనాటి పొద్దున నీళ్ళగిన్నె అందిస్తూ అడిగేశాడు. "స్వామీ, గడ్డమేమో వైరాగ్యం, సరే. మరి ఆ మీసం ఏం పాపం చేసిందండీ?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. స్వామివారు నవ్వలేదు. బ్లేడు పక్కన పెట్టి, "అదేం పాపం చేయలేదు నాయనా. చేసినవాణ్ణి నేను. కూర్చో," అన్నారు.

ఆయన చెప్పింది చెప్పినట్టే మీకు చెబుతాను.

అంతకు పాతికేళ్ళ కిందట స్వామివారు ఆ పేటకి గురుస్వామి. ఏటా అయ్యప్ప మాల వేసేదీ, ఇరుముడి కట్టి కొండకి పంపేదీ ఆయనే. పేటలో దానయ్య, పోలారావు అని ఇద్దరు స్నేహితులుండేవారు. వాళ్ళకి వలా లేదు, పడవా లేదు. ఊపిరి బిగబట్టి రాళ్ళ మధ్యకి దిగి, ఈటెతో చేపను కొట్టి తెచ్చుకునేవాళ్ళు. ఒకడు కిందకి దిగితే రెండోవాడు పైన తేలుతూ కనిపెట్టుకుని ఉండాలి. వాళ్ళకున్న శాస్త్రమంతా ఆ ఒక్క ముక్కే.

దానయ్య దగ్గర నీళ్ళలో కళ్ళకీ ముక్కుకీ తగిలించుకునే పెద్ద మాస్కు ఒకటి ఉండేది. కిటికీ అంత అద్దం, ఇటు చెవి నుంచి అటు చెవి దాకా కనపడేది. పోలారావుకి అది చూస్తే ఒళ్ళుమంట. ఒకరోజు దానయ్యని పట్నం లాక్కుపోయి, కొట్టులో చిన్న మాస్కులన్నీ బల్ల మీద పరిపించాడు.

"కిందకి దిగేకొద్దీ మాస్కు మొహాన్ని పీలుస్తాది మావా. ముక్కులోంచి దానికి కాస్త గాలి వదలాల. వదలకపోతే కళ్ళు నెత్తురు కమ్ముతాయి. నీ పెద్దది పెద్ద తాగుబోతు. నీ ఊపిరి సగం అదే తాగేస్తన్నాది. చిన్నదైతే ఒక్క గుటకతో ఊరుకుంటాది."

"చిన్నదాంట్లో పక్కలు కనపడవురా."

"పక్కలు చూడ్డానికి పైన నేనున్నాను కదేటి."

మాస్కును ఎంచుకునే పద్ధతి కూడా పోలారావే చూపించాడు. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి పీల్చి, చేతులు వదిలేయాలి. అంటుకుని నిలబడితే అది నీది. దానయ్య మొహం మీద మూడు వరసగా జారిపడ్డాయి. నాలుగోది నిలబడింది.

"ఆ మూడూ నిన్ను చూసి సిగ్గుపడ్డాయి మావా. దీనికి సిగ్గు లేదు, ఇదే తీసుకో," అన్నాడు పోలారావు.

ఆ మాస్కుతో దానయ్య పన్నెండు బారల లోతు చూశాడు. బార అంటే, తల్లీ, రెండు చేతులూ చాచినంత. పేటలో ఇంకెవరికీ ఆరేడు బారలు దాటేది కాదు.

ఆ ఏడు దానయ్య భార్య సత్యవతి నీళ్ళోసుకుంది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళ తర్వాత. దానయ్య మొక్కుకుని మాల వేసుకున్నాడు. మాలలో ఉన్నవాడు ప్రాణి మీద ఈటె ఎత్తడు, ముఖాన కత్తి పెట్టడు. మీసం, గడ్డం కలిసిపోయి ముఖం సగం కనిపించకుండా పోయింది. దీక్ష నలభై ఒక్క రోజులు. నీళ్ళలో తోడు లేక పోలారావు ముప్ఫై ఎనిమిది రోజులు ఆగాడు. ముప్ఫై తొమ్మిదో నాడు తుపాను కబురు వచ్చింది. గాలి మొదలైతే వారం దాకా నీళ్ళలో దిగలేం కదా అని తెల్లారగట్ల ఒక్కడే వెళ్ళాడు.

పొద్దెక్కాక పడవవాళ్ళు చూస్తే అతను ఈటె తాడుకి కట్టి పైన తేల్చే ఎర్రబెండు రాళ్ళ దగ్గర కదలకుండా నిలబడి ఉంది. మనిషి లేడు. ఈటె తాడు రాతి చీలికలో ఇరుక్కుంది. ఆ తాడు కొసన, పన్నెండు బారల కింద, మనిషి ఉండిపోయాడు. ఇక ప్రాణం మాట ఎవరూ ఎత్తలేదు. పట్నం నుంచి గాలి సిలిండర్లతో దిగేవాళ్ళు తుపాను దాటాకే వస్తామన్నారు. తుపాను వచ్చిందంటే సముద్రం ఏమీ మిగల్చదు.

పోలారావు తల్లి కాసులమ్మ ఒడ్డున కూర్చుంది. ఒక్కడే కొడుకు. ఆమె ఏడవలేదు. దానయ్య వంక చూసి, "బావూ, ఆడి మొహం ఒకసారి సూపించు. నా సేత్తో ఇన్ని నీళ్ళు పోసి పంపుకుంటాను," అంది.

దానయ్య గురుస్వామి వంక చూశాడు. మన స్వామివారు అప్పుడు గొప్ప ఉపాయం చెప్పాననుకున్నారట. "సముద్రమే స్నానం కనుక శవాన్ని తాకితే మైల లేదు. దిగు. కానీ ముఖాన కత్తి మాత్రం వద్దు. పుట్టబోయే బిడ్డ మీద మొక్కు."

మొదట పెద్ద మాస్కుతో దిగాడు. అద్దం చుట్టూ అంచు వెడల్పు కాబట్టి మీసం మీద ఎలాగో నిలిచింది. అయితే ఎనిమిది బారలకే ఊపిరంతా అది తాగేసింది. పైకి వచ్చి ఒడ్డున పడ్డాడు. అప్పుడు చిన్నది తీశారు. ముఖానికి ఆనించి, గాలి పీల్చి, చేతులు వదిలాడు. ఇసకలో పడింది. వ్యాజిలైన్ రాశారు. పది లెక్కపెట్టేదాకా నిలబడి, మెల్లగా జారింది. అన్ని వెంట్రుకల మధ్య ఏదో ఒక సందు నీటికి దొరుకుతూనే ఉంది.

కాసులమ్మ లేచి ఇంటికి వెళ్ళింది. వల తాళ్ళు కోసే బ్లేడు ఒకటి కొంగులో పెట్టుకుని వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి దానయ్యకి ఇవ్వలేదు. స్వామివారి అరచేతిలో పెట్టింది.

"సామీ, గెడ్డం అంతా వద్దు. ముక్కు కిందన ఈ రెండు వేళ్ళ మేర మీ సేత్తో తియ్యండి సాలు. పాపమంటూ ఉంటే మీకు సగం, నాకు సగం. ఆ బిడ్డ జోలికి రాకుండా నాను మొక్కుకుంటాను."

దానయ్య మోకాళ్ళ మీద కూర్చుని ముఖం ఎత్తి పట్టాడు. అంతకంటే ఏం అడగాలి నాయనా ఒక శిష్యుడు?

స్వామివారు పిడికిలి మూసుకున్నారు. "ఇంకా రెండు రోజులే తల్లీ," అన్నారు.

ఆయనకి బాగా గుర్తుంది ఆ మాట. రెండు రోజులే. ఎవరికి రెండు రోజులు?

దానయ్య మీసం మీద మళ్ళీ వ్యాజిలైన్ పూసుకుని, చిన్న మాస్కుతోనే వెళ్ళాడు. మూడుసార్లు దిగాడు. మాస్కులోకి నీళ్ళు వస్తే ముక్కుతో ఊది బయటికి నెట్టాలి. నెట్టిన ప్రతిసారీ ఊపిరిలో కొంత పోతుంది. మూడోసారి పైకి వచ్చినప్పుడు కళ్ళు రెండూ నెత్తుటి ముద్దలు.

"కాలు అందింది సామీ," అన్నాడు. "పట్టుకున్నాను. మాస్కు నిండిపోయింది. వదిలేశాను."

అప్పటికే నీళ్ళు రంగు మారాయి. రాళ్ళ మీద కెరటం విరుచుకుపడుతోంది. పడవలు ఒడ్డుకి లాగేశారు. దానయ్య మళ్ళీ వెళ్ళబోతే అడ్డం నిలబడింది ఎవరనుకున్నారు? కాసులమ్మే.

"ఇంక సాలు బావూ. నీక్కూడా అమ్మ ఉంది, పెళ్ళాం ఉంది. ఇంటికి పో."

అందరూ వెళ్ళిపోయారు. స్వామివారు అక్కడే నిలబడి ఉన్నారు. కాసులమ్మ ఆయన దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. తిట్టడానికి వచ్చిందనుకున్నారాయన. తిట్టినా బాగుండేదని అన్నారట. పిడికిలి సందుల్లోంచి నెత్తురు కారుతోంది. ఎంత గట్టిగా మూశారో, ఎప్పుడు తెగిందో ఆయనకే తెలియదు. ఆవిడ ఒక్కొక్క వేలూ విప్పింది. బ్లేడు తీసి పక్కన పెట్టింది. కొంగు చింపి ఆ చేతికి కట్టు కట్టింది. కడుతూ, "ఉప్పునీళ్ళు తగలనీయకండి సామీ, మండుతాది," అంది.

కొడుకు ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు.

తుపాను రెండు రోజులు ఉంది. నలభై ఒకటో నాడు గాలి తగ్గింది. అదే రోజు ఇరుముడి. సిలిండర్లవాళ్ళు వచ్చి, దిగి, రాతి చీలికలోంచి తాడు ముక్క ఒక్కటే తెచ్చిచ్చారు. పది రోజుల తర్వాత ఎర్రబెండు ఎక్కడో రెండు ఊళ్ళ అవతల ఒడ్డుకి కొట్టుకొచ్చింది. కాసులమ్మ దర్భ బొమ్మకి నీళ్ళు పోసి కొడుకుని పంపుకుంది. దానయ్య కొండకి వెళ్ళివచ్చాడు. ఆడపిల్ల పుట్టింది, క్షేమంగానే పెరిగింది. అతను మళ్ళీ ఈటె పట్టలేదు. గుట్ట ఎక్కి స్వామివారిని చూడడానికీ రాలేదు. స్వామివారు ఆ ఏడాదితో మాలలు వేయడం మానేశారు.

ఇదీ కథ. ఇంటికి పోయాక ఇందులో సగం మరిచిపోతారు, నాకు తెలుసు. ఫరవాలేదు. ఒక్క పని మాత్రం గుర్తు పెట్టుకోండి. బిడ్డను సముద్రానికి వదిలేసిన ఆ సాయంత్రం, అందుకు కారణమైన చేతిని పట్టుకుని ఆ తల్లి వేళ్ళు విప్పింది, కట్టు కట్టింది. మీ ఇళ్ళల్లో కూడా ఎవరో ఒకరి పిడికిలి మూసి ఉంటుంది. ఈ వారంలో ఒక్కసారి ఆ పని చేయండి. చేసి, దేవుడికి మాత్రమే చెప్పండి.

ఇక చివరిమాట స్వామివారిదే. విద్యాధరం, "స్వామీ, ఆ రోజు తీసి ఉంటే వ్రతం చెడేదా, చెడేది కాదా?" అని అడిగాడట.

స్వామివారు అద్దం దగ్గరికి లాక్కున్నారు. మచ్చ పడిన ఆ చేత్తోనే బ్లేడు తీసుకుని, పైపెదవి తడుపుకుంటూ అన్నారు.

"నాకు తెలీదు నాయనా. ఆ తల్లి అడిగింది ఇంత మేరే."