చిక్కం అల్లిన బీరవ్వ

బీరవ్వకు అరవై ఏళ్ళు. దారిలో ముళ్ళకంప కనబడితే ఆగి, గొర్రెలు వదిలేసిపోయిన ఉన్ని ఏరుకునేది.

ఇది మీ తాతకు తాత పుట్టకముందు మాట. మనుషుల కంటే గొర్రెలు ఎక్కువున్న ఊరది. ఆ ఊళ్ళో ఉన్ని ఏకేది ఆడవాళ్ళు, వడికేది ఆడవాళ్ళు, గొంగడి నేసేది మాత్రం మగవాళ్ళు. ఆడది మగ్గం ముట్టకూడదు. ఎందుకని అడిగితే దేవుడు కోప్పడతాడనేవాళ్ళు. ఆ సంగతి దేవుడు ఎవరి చెవిలో చెప్పాడో ఎవరూ చెప్పలేదు.

కాన్పయిన ఆడది తొమ్మిది రోజులు ఊరవతల పురిటి గుడిసెలో ఉండాలి. తల్లికీ బిడ్డకూ కలిపి ఒక పాత చీర. గొంగడి ఇవ్వరు. దేవుడి ముందు పరిచే గొంగడికి మైల అంటుతుందట. చలికాలంలో పుట్టిన బిడ్డలు పోయేవాళ్ళు. 'రాత' అనేవాళ్ళు.

పొరుగింటి సాలమ్మ మొదటి బిడ్డ పుష్యమాసంలో పుట్టి పోయింది. రెండో బిడ్డా పుష్యంలోనే పోయింది. మూడో కాన్పు కూడా పుష్యంలోకే వస్తోంది.

"అవ్వా, ఈ బిడ్డన్న బతుకుతదా?"

"చంపుతున్నది చలి, బిడ్డా. రాత కాదు," అంది బీరవ్వ.

బీరవ్వ గొంగడి ఎప్పుడో మొగుడి శవంతో మట్టిలోకి పోయింది. అందుకని సాలమ్మ కోసం గొంగడి అడగడానికి పోయింది.

మగ్గం ఉన్న ఓదెయ్యను అడిగింది. "గుడిసెకు పోయింది దేవునికి పనికిరాదు," అన్నాడు. బీరవ్వ విన్నది. తల ఊపింది. కదిలింది.

పూజారిని అడిగింది. "గుడిసెకు పోయింది దేవునికి పనికిరాదు," అన్నాడు. బీరవ్వ విన్నది. తల ఊపింది. కదిలింది.

కులపెద్ద గట్టయ్యను అడిగింది. ఆయన భుజాన ఒకటి, కింద ఒకటి, దండెం మీద ఒకటి, మూడు గొంగళ్ళున్నాయి. ఆయనా అదే మాట అన్నాడు. బీరవ్వ విన్నది. ఈసారి తల ఊపలేదు.

ఇంటికొచ్చి, ఏరిన ఉన్ని అంతా వడికింది. మగ్గం లేదు. కానీ ఎద్దు చేలో నోరు పెట్టకుండా మూతికి కట్టే చిక్కం అల్లడం చిన్నప్పుడే నేర్చుకుంది. కొమ్మును చెక్కి చేసిన కొక్కెం, ఒక్కటే దారం, ముడిలోంచి ముడి. ఆ అల్లికే దగ్గర దగ్గరగా అల్లింది. బిడ్డకు టోపీ, తల్లికి మేజోళ్ళు, ఇద్దరికీ సరిపోయే దుప్పటి.

సాలమ్మకు నొప్పులు మొదలైన రోజే, ఆ దుప్పటి మీద పంచాయితీ పెట్టారు.

"ఆడదానివి, గొంగడి నేస్తివా?" అన్నాడు గట్టయ్య.

"నేయలే గట్టన్నా, అల్లిన. మగ్గం ముట్టిన్నా?"

"ముట్టలే."

"దీన్ని దేవుని ముందర పరుస్తరా?"

"మగ్గమెక్కనిది గొంగడెట్లయితది? అది చిక్కం. చిక్కంతోని దేవునికేం పని?"

"మరి దేవునికి పనిలేనిది గుడిసెకు పోతే నీకేం పోయింది?"

వెనక కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గట్టయ్య మీసం సర్దుకున్నాడు. పెద్దమనిషి నలుగురిలో అన్న మాట వెనక్కి తీసుకోకూడదు. ఆ ఊళ్ళో అదీ ఒక ఆచారమే. బీరవ్వ అల్లినవన్నీ సాలమ్మతోపాటు గుడిసెకు పోయాయి.

మూడోరోజు మంచు కురిసింది. బిడ్డ ఏడ్చింది. ఆరోరోజు బిందెలో నీళ్ళు చేతిని కొరికాయి. బిడ్డ ఏడ్చింది. తొమ్మిదోరోజు బిడ్డ ఏడవలేదు. గుడిసె బయట నిలబడ్డ బీరవ్వ తడికకు చెవి ఆనించింది.

"పాలు తాగుతున్నదవ్వా," అంది సాలమ్మ లోపల్నుంచి.

బీరవ్వ పోయి ఎన్ని తరాలైందో లెక్కలేదు. ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎవరికైనా ఏడో నెల రాగానే ఒక ఉన్ని చిక్కం ఇల్లిల్లూ తిరుగుతుంది. ప్రతి ఇంట్లో ఒక వరస అల్లి పక్కింటికి ఇస్తారు. మగవాళ్ళూ అల్లుతారు, కాస్త వంకరగా. ఎవరైనా చలికి వణుకుతుంటే చూస్తూ నిలబడ్డవాళ్ళతో "రాత అనకు, వరస అల్లు" అంటారు.

గుడిసె సంగతంటారా? సాలమ్మ కూతురికి మూడేళ్ళు నిండిన ఏడు, లోపల ఎవరూ లేనప్పుడు, పట్టపగలు అందరూ చూస్తుండగా బీరవ్వ దానికి నిప్పు పెట్టింది.