గవిరమ్మ నవ్వేదాకా

అనగనగా, సముద్రం ఊరికి ఇప్పటికంటే ఆమడ దగ్గరగా ఉన్న రోజుల్లో, ఉప్పుమడుల పక్కన ఒక పేట. ఆ పేటలో కూలీలందరికీ పొద్దున్నే రాగిపిండితో చోడిజావ కాచి పోసేది గవిరమ్మ. ఆమె నవ్విందంటే మడుల్లో కొంగలు లేచిపోయేవి.

ఆ పేట మగాళ్లకు ఒక పంతం. కుతకుత ఉడికే జావను ఊదకుండా, ఆపకుండా తాగినవాడే మొనగాడు. ఊదుకుంటే, "ఉగ్గు తెమ్మంటావా నాయినా?" అని వెక్కిరించేవారు.

ఏళ్లకేళ్లు మొనగాడిగా వెలిగిన సూరప్పడు ముద్ద దిగక, చిక్కి, పోయాడు. తర్వాతి మొనగాడు గవిరమ్మ మొగుడు. ముద్ద దిగక, చిక్కి, పోయాడు. ఆ తర్వాత బైరాగి. అతనూ ముద్ద దిగక, చిక్కి, పోయాడు. "గాలి సోకింది" అన్నారందరూ. ముగ్గురికీ ముంత నింపిన గవిరమ్మ మాత్రం తన గరిటె వంకే చూసుకుంది.

ఇప్పుడు మీసం తిప్పుతున్నది ఆమె ఒక్కగానొక్క కొడుకు అసిరయ్య.

మొదటి రోజు బతిమాలింది. "ఆరనిచ్చి తాగు బావూ. మీ అయ్య గొంతు ఇలాగే పోయినాది."

"అయ్య కొడుకుని కానేటమ్మా!" అని గటగటా తాగేశాడు.

రెండో రోజు చల్లార్చి పోసింది. "ఏటప్పా, ఇది జావా, కుడితా?" అని అందరూ పారబోశారు.

మూడో రోజు ముంతలన్నీ వేడివేడిగా నింపింది. మూతి ముడుచుకుని కుండ ముందు కూర్చుంది. "తాగడం ఏటి గొప్ప? నన్ను నవ్వించండి సూద్దాం. నాను నవ్వేదాకా ఎవుడూ ముంత ఎత్తకూడదు."

"ఓస్, ఇంతేనా!"

ఒకడు కోతిలా గెంతాడు. నవ్వలేదు. ఒకడు మేస్త్రీలా పొట్ట ముందుకు తోసుకుని నడిచి, మడిలో పడ్డాడు. పెదవి కొరుక్కుంది గానీ నవ్వలేదు. అసిరయ్య తలపాగా విప్పి ముసుగేసుకుని, అచ్చం ఆమె గొంతుతో, "ఆరనిచ్చి తాగు బావూ" అన్నాడు. లోపలి నవ్వుకు గవిరమ్మ పొట్ట కదిలిపోయింది. కళ్లవెంట నీళ్లు కారాయి. ముంతల వంక చూసింది. జావ మీద పొర కట్టింది. అప్పుడు నవ్వింది. కొంగలన్నీ లేచిపోయాయి!

గోరువెచ్చని జావ అందరూ హాయిగా తాగారు. అసిరయ్య మూతి తుడుచుకుని, "రేపు ఇంకా ముందే నవ్విస్తాను, సూడు" అన్నాడు.

"సూద్దాం" అంది. పనికి ఆలస్యం కాకుండా ఆ మర్నాటి నుంచి పొయ్యి ముందుగా రాజేసేది.

గోరువెచ్చని జావకు కూడా గొంతు పట్టుకున్నవాడు కనిపిస్తే, "నవ్వులు తర్వాత, నడు ముందు" అని ఆ పూటే వైద్యుడి దగ్గరకు లాక్కుపోయేది. పేటలో ముద్ద దిగని చావులు తగ్గాయి. అసిరయ్య పళ్లూడేదాకా బతికి, మనవలతో పోటీపడి తిన్నాడు.

గవిరమ్మ పోయి ఎన్ని తరాలైందో ఎవరూ చెప్పలేరు. ఇప్పటికీ ఆ పేటలో పొయ్యి మీంచి దించిన కుండ ముందు ఒకరు మూతి ముడుచుకుని కూర్చుంటారు. ఆడైనా మగైనా ఆ పూటకు వాళ్ల పేరు గవిరమ్మే. మొన్న కూర్చున్న గవిరమ్మకు చెవులదాకా మీసాలు. మనవరాలు ఆ మీసం పట్టి లాగి, "నవ్వవే గవిరమ్మా, ఆకలేస్తంది!" అంది.

"పొర కట్టనీవే తల్లీ" అన్నాడాయన, నవ్వు ఆపుకోలేక చస్తూ.