గట్టు దిగని పండితుడు

అనగనగనగా వాగు ఒడ్డున వాగుపాడని ఒక ఊరుంది. కాళ్ళు ముడుచుకోరా చంటీ, దుప్పటంతా నీదే కాదు. ఊఁ కొడుతూ ఉండండి, లేదంటే ఆపేస్తాను.

ఆ ఊళ్ళో నాంచారని ఒక కోడలు. ఆవిడ కాపురానికొచ్చేనాటికి వాళ్ళ చేను ఉత్త చవుడు. పైన తెల్లగా పొక్కుతుంది, నాలిక మీద వేసుకుంటే ఉప్పగా ఉంటుంది, గడ్డి కూడా మొలవదు. ఈ పిల్ల ఏం చేసిందంటే, పేడ తోలింది, జీలుగ విత్తులు చల్లింది, మొక్కలు పూతకి రాగానే దున్ని మట్టిలో కలిపేసింది. మళ్ళీ పేడ, మళ్ళీ జీలుగ. ఇప్పట్లా బస్తాల మందు కుమ్మరించి చేతులు దులుపుకోవడం కాదే వసుధా, ఏడేళ్ళు చేసింది. అత్తగారు నవ్వింది, ఊరు నవ్వింది. ఏడో ఏడు చేలో వానపాములు కనిపించాయి. ఆవిడ గట్టు మీద కూర్చుని ఏడ్చింది, సంతోషంతోనే.

ఆ మరుసటి ఏడు వాగు పొంగి ఊళ్ళో గట్లన్నీ కొట్టుకుపోయాయి. రాజుగారు తన ఎర్రగుట్ట తవ్వించి, ఆ గులకమట్టి బళ్ళ మీద తోలించి, అరవై చేలకీ కొత్త గట్లు పోయించాడు. తన చెరుకుతోటకీ అదే పోయించుకున్నాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, పనుంది.

ఊఁ కొడుతున్నారా? సరే.

గట్లు పోయించి ఊరుకున్నాడా? కొత్త మేడ కట్టాలని బుద్ధి పుట్టింది. ఉన్న మేడలో గదులన్నీ తిరగడానికే ఆయనకి ఓపిక లేదు, ఇంకోటి కావాలట. ఇటుకలకి మట్టి కావాలి కాబట్టి, పనికిరాని చేలేవో తేల్చి, నిలువు లోతు తవ్వి బట్టీకి తోలమన్నాడు. తేల్చడానికి ఒక పండితుణ్ణి పంపాడు. పేరు సోమలింగం, బిరుదు మృత్తికా మార్తాండుడు. ముందు గొడుగు, వెనక విసనకర్ర, చేతిలో వెండి చెంచా, కాళ్ళకి వెండి పువ్వుల చెప్పులు. ఆ చెప్పులకి మట్టంటకూడదట. నేల చూడ్డానికొచ్చినవాడికి!

మరి ఎలా చూశాడు? గట్టు మీద ఆగాడు, చెంచాతో గీకాడు, ముక్కు దగ్గర పెట్టాడు, తుమ్మాడు, రాశాడు. ఇంకో చేనికెళ్ళాడు. గట్టు మీద ఆగాడు, చెంచాతో గీకాడు, ముక్కు దగ్గర పెట్టాడు, తుమ్మాడు, రాశాడు. అరవై చేలకీ అరవై తుమ్ములు. అన్నిటికీ ఒకటే మాట, అధమాధమ మృత్తిక అని. అరవైసార్లు ఒకే మట్టి చేతికొస్తుంటే ఇదేమిటబ్బా అనుకోవద్దూ? అనుకోలేదు. తన లెక్క ఎంత చక్కగా కుదిరిందో అని మురిసిపోయాడు.

పొద్దున్నే తవ్వడానికి మనుషులొస్తారని దండోరా వేశారు. ఊరు ఊరంతా గొల్లుమంది. నాంచారి పండితుడి దగ్గరికి పరుగెత్తింది. ఏడేళ్ళ మట్టి ఒక్క పూటలో బట్టీ పాలవుతుంది. చేలోకి దిగండి, పిడికెడు తీసి చూడండి అని పండితుణ్ణి బతిమాలింది. ఆడవాళ్ళకి శాస్త్రం తెలీదని ఆయన పల్లకీ ఎక్కేశాడు.

ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. రెండు చిన్న మూటలు కట్టుకుని తిన్నగా కొలువుకెళ్ళింది. ఈ రెండూ కూడా తమ పండితులవారు చూసి చెబితే వెళ్ళిపోతానంది. పండితుడు సభ అంతా చూస్తుండగా చెంచాతో తీశాడు, ముక్కు దగ్గర పెట్టాడు, తుమ్మాడు. రెండూ అధమాధమమే, ఇటుకకి తప్ప పనికిరావన్నాడు.

అప్పుడు నాంచారి చేతులు కట్టుకుని నెమ్మదిగా అంది.

"ఏలినవారూ, మొదటిది నా చేని గట్టుది. రెండోది తమరి చెరుకుతోట గట్టుది. ముందు ఏది తవ్విస్తారు?"

పనికిరాని నేలలో చెరుకు ఎదుగుతుందా? రాజుగారి చెరుకు గడలు మనిషికి రెండంతలు మరి. ఆయన పండితుణ్ణి నిలదీశాడు. మట్టి ఎక్కడిదయ్యా? గట్టుది. గట్టు ఎక్కడిది? గుట్టది. గుట్ట ఎవరిది? రాజుది. ఆ ఆఖరి మాట పండితుడు తన చెప్పుల వంక చూస్తూ గొణిగాడు. రాజుగారికీ చెవులు ఎర్రబడ్డాయి. ఆయన మాత్రం తక్కువ తిన్నాడా, ఇన్నాళ్ళూ ఏనుగు దిగి చూశాడా?

అందరూ నాంచారి చేలోకి వచ్చారు. నడుం లోతు గొయ్యి తీశారు, పండితుణ్ణి దిగమన్నారు. ముందురోజు పడ్డ వానకి నేల మెత్తగా ఉంది. గట్టు దిగి నాలుగడుగులు వేశాడో లేదో, ఒక చెప్పు బురద మింగేసింది. కుంటుకుంటూ గోతిలోకి దిగాడు. పైన రెండు జానలు నల్లటి మట్టి, గుల్లగా, వేళ్ళూ వానపాములూనూ. దాని కింద జిగురుమట్టి. ఆ కింద తెల్లటి పొర. నాంచారి పైమట్టి తడిపి చేతిలో పెట్టి, బొటనవేలితో నొక్కమంది. తెగకుండా వేలెడు పట్టీ సాగింది, గట్టు మీది గులకమట్టయితే పొడిపొడిగా రాలిపోయేది. అడుగుమట్టి నాలిక మీద వేసుకోమంది. ఉప్పుకి ముఖం చిట్లించాడు. పైది వేసుకోమంది. ఉప్పు లేదు.

పండితుడు రెండు మట్టుల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఆఖరికి, ఈ కిందిది పైదిగా ఎలా మారిందని అడిగాడు. ఆయన నోట ఒక ప్రశ్న రావడం అదే మొదలట. ఆవిడ పేడా జీలుగా అంది. గొప్ప రహస్యం!

రాజుగారు తవ్వకం ఆపించి, మిగతా యాభైతొమ్మిది చేలలోనూ గోతులు నువ్వే తీసి చూడు, వట్టికాళ్ళతో, అని పండితుడికి చెప్పాడు. తీశాడు. అరచేతులు పొక్కాయి. అరవై చేలలో ఏడు రకాల నేల తేలింది, అధమాధమం ఒక్కటీ లేదు. ఆ ఏడింటికీ ఊళ్ళో ఆడవాళ్ళు ఎప్పుడో పేర్లు పెట్టుకున్నారు, అవే రాసుకుపోయాడు. రాజుగారికి పాత మేడలోనే నిద్ర బాగా పట్టింది. ఊరంతా సుఖంగా ఉంది.

నేల సంగతి తెలియాలంటే గట్టు దిగాలర్రా. మనుషుల సంగతీ అంతే.

ఆ చెప్పు ఏమైందా? పడుకున్నావనుకున్నానే వసుధా. మరుసటేడు దుక్కిలో నాగలికి తగిలి బయటపడింది. నాంచారి దాన్ని కడిగి, చేలో దిష్టిబొమ్మ కాలికి తొడిగింది. పండితుడు మళ్ళీ రాకపోతేనేం, ఆయన చెప్పయినా రోజంతా చేలో నిలబడి పిట్టల్ని తోలింది.

కథ గట్టెక్కి కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.